ఖాళీ గడి

నల్లగొండ గడియారం సెంటర్ కాడ మీ-సేవల
కంప్యూటర్ ముందు కూసున్న పిల్ల అన్నది:
"అంకుల్, ఇంటర్‌కూ డిగ్రీకీ నడుమ
పదకొండేండ్లు గ్యాప్ వస్తుంది.
కారణం రాయకుంటే ఫారం ముందుకు పోదు."

గ్యాప్ అంటే నాకు తెలిసింది వేరు బిడ్డా.
కంచెల తీగ తెగిన చోటు.
రాత్రి రెండు నుంచి నాలుగు దాక
ఆ చోటు మీదనే కన్ను పెట్టి నిలబడాలె.
తెగని కంచెకు కావలి అక్కర లేదు.

మెమోలు బల్ల మీద పరిచిన,
ఫ్యాన్ గాలికి లేస్తుంటే సెల్ ఫోన్ బరువు పెట్టిన.
పదో తరగతి: తెలుగు డెబ్బై ఒకటి, లెక్కలు ముప్పై అయిదు.
ఆ ఆఖరి అయిదు నావి కావు,
ఎవరో పుణ్యాత్ముడు కలిపినవి.
ఇంటర్‌ల లెక్కలు మూడుసార్లు తప్పిన.
నాలుగోసారి రాసిపోయి, పాసైన ముచ్చట
ట్రైనింగ్ సెంటర్‌ల తల గొరిగించుకుంటుంటే తెలిసింది.
నవ్విన. మంగలి కత్తి కదలొద్దన్నడు.

ఓపెన్ డిగ్రీ మార్కులు చూసి
నా పోస్టింగులు చెప్పొచ్చు:
అరవై ఒకటి, జోధ్‌పూర్.
ముప్పై ఎనిమిది, కుప్వాడ.
యాభై నాలుగు, మోకాలికి ఆపరేషనై
హాస్పిటల్ మంచం మీద చదివినవి.

"ఇప్పుడు లా ఎందుకంకుల్?"
అడగాల్సిన గడి కాదది, ఊరికే అడిగింది.

కేతావత్ రెడ్యా మా సెక్షన్.
తూటాకు పోలే, మూలమలుపుల లారీకి పోయిండు.
చందంపేట అవతల తండాల పెండ్లాం ధ్వాలి.
రికార్డుల ఎవరో దివాలి అని రాసిండ్రు.
మావోడు పండుగను పెండ్లి చేసుకున్నట్టు.
ఒక్క అక్షరానికి రెండేండ్లు పింఛన్ ఆగింది.
ఆమె ఆధార్ కార్డు కొంగుల కట్టుకొని
దేవరకొండ బస్సెక్కేది, దిగేది.
పదకొండు అర్జీలు నేనే రాసిన.
పన్నెండోది వకీలు రాసిండు, మూడు వేలు తీసుకొని.
ఆయన రాసిన వాక్యం
నా ఆరో అర్జీల ఉన్నదే.
అడుగున, సంతకం కింద, ఎవరూ చదవని జాగల.

ఆ రాత్రి నిద్ర పట్టలే.
కోపం కాదు. వాక్యం ఎక్కడుండాల్నో
నేర్పే బడి ఒకటుందని తెలిసినంక
నలభై ఒకటో ఏట కూడా
మనిషి దుప్పటి తీసి కూసుంటడు.

ఇదంతా పిల్లకు చెప్పలే.
ఆమె కారణం గడిల "దేశసేవ" అని కొట్టింది.
తీసెయ్యమన్న.
"ఉద్యోగం" అని రాయించిన.
గడి ఒప్పుకున్నది.

కింద మొత్తం శాతం అదే లెక్కగట్టి చూపెట్టింది.
గీతకు ఇవతలనే ఉన్న, ఎంతో కాదు,
ఒక కాలు మోపేంత.

"సబ్మిట్ కొట్టనా?"
ఆగు బిడ్డా.
పేరు ఒక్కసారి పైకి చదువు.
గుండెబోయిన పర్వతాలు.
మళ్ల చదువు, అక్షరమక్షరం.
వెనుక లైన్ల ఎవరో విసుక్కున్నరు.
ఇంకోసారి.