వెంట్రుకవాసి

కోకురా స్టేషన్ వెనక మెట్లు దిగితే
పాత సిగరెట్ పొగ పసుపు ఇంకా వదలని ఆటల గది.
ఆఖరి ట్రిప్పు ముగించి, బస్సు డిపోలో అప్పజెప్పి
వాన వెలిసేదాకా అని వెళ్లాను.
వంద యెన్ల నాణెం. నలభై సెకన్లు. అయిపోయింది.

ఇసక వేస్తే రాలని తెర.
గులాబి తూటాలు, నీలి తూటాలు,
చుట్టలు చుట్టలుగా విచ్చుకుంటూ
చంపడానికి ఇంత అందమెందుకో!

పక్క స్టూలు మీది కురామిట్సు గారు,
ఒకప్పుడు ఉక్కు కర్మాగారంలో క్రేను నడిపినాయన,
తల తిప్పకుండానే అన్నారు:
"విమానమంతా నువ్వు కాదమ్మా.
రెక్కలు ఉత్తుత్తివే. తోకా అంతే.
నడిమధ్యన ఆవగింజంత ఎర్రచుక్క,
దానికి తగిలితేనే చావు."

పదహారేళ్లుగా పదకొండు మీటర్ల బస్సు తోలుతున్నదాన్ని.
అద్దానికి గీత పడితే నా ఒళ్లు గీరుకున్నట్టుండేది.
ఆ రాత్రి మొదటిసారి
ఆవగింజలోకి ముడుచుకున్నాను.

తూటాల్ని చూడకూడదట, సందుని చూడాలట.
తొందరపడితే చస్తాం. ఆగినా చస్తాం.
వెంట్రుకవాసిలో తప్పుకుంటే
ఆ వెంట్రుకకీ మార్కులేస్తారు,
నూనెలో నీటిచుక్క పడ్డట్టు చిటచిట.

ఏప్రిల్‌కి మూడో అంచె.
జూన్‌కి ఉంగరపు వేలి పక్కన కాయ.
నాలుగో అంచె చివర కొంగ ముసుగు రాణి.
ఆట చేసిన కంపెనీ మూతపడి చాన్నాళ్లయింది,
ఆవిడ మాత్రం రోజూ రాత్రి పదకొండింటికి
నన్ను చంపుతూనే ఉంది.

ఆదివారం హకాటాలో ఒక హాలు, మడతబల్లల వరసలు.
అభిమానులు ఇళ్లలో అల్లిన ఆటలు, కత్తెరతో కోసిన అట్టలు.
అసలు కథలో ఓడినవాళ్లకి ఇక్కడ ఇంకో బతుకు.
ఒకదాంట్లో రాణి నూడుల్స్ బండి పెట్టింది.
ఒకదాంట్లో అప్పులవాళ్లకి దొరక్కుండా తిరుగుతోంది.
మూలబల్ల దగ్గర మినాసె అనే పిల్ల, నర్సింగ్ చదువుతోందట,
డిస్కు చేతికిస్తూ నసిగింది:
"నాదాంట్లో కాల్చే బటన్ లేదండీ.
ఆవిడ అలిసేదాకా తప్పుకోవడమే."
ఇరవై మూడు కాపీల్లో నాది పదిహేడోది.

నిన్న రాత్రి ఆడాను. పన్నెండు నిమిషాలు.
చివరికి తూటాలు పలచబడ్డాయి.
రాణి ముసుగు తీసి, మెట్ల మీద కూలబడి,
"నీకు కాళ్లు నొప్పి పుట్టవా?" అంది.
పుడతాయి. ఎడమకాలు, క్లచ్ కాలు.
జవాబు చెప్పే బటన్ కూడా పెట్టలేదు ఆ పిల్ల.

ఇవాళ పొద్దున మార్కెట్ సందులో
చేపల లారీకీ కరెంటు స్తంభానికీ మధ్య
బస్సు దూర్చాను.
వెనకసీట్లో బడిపిల్లాడెవడో
బిగబట్టిన ఊపిరి వదిలాడు.
రాత్రికి కురామిట్సు గారికి చెప్పాలి.