ఆరుంపావు

గ్రెనోబుల్‌లో ఎవరు ఎదురైనా
మా ఆయన నోటికి ముందు కొలత వస్తుంది, తర్వాతే పేరు.
మేయరు గారి భార్య ఆరున్నర.
పియానో మాస్టారు ఎనిమిది, ఎడమ చిటికెనవేలు కాస్త పొట్టి.
మేకపిల్ల తోలుతో ముప్ఫై ఏళ్ళ కాపురం ఆయనది.
నా చెయ్యి మాత్రం ఎప్పుడూ కొలవలేదు.
ఇంట్లో మనిషికి గ్లౌజులెందుకు?

ఆ చలికాలం కొండ మీదికి సినిమా వాళ్ళొచ్చారు.
హీరోయిన్ ఆర్డరిచ్చిన డజను జతలూ మోసుకుని
హోటలుకి వెళ్ళింది నేనే.
మంచుదెబ్బకి ఆవిడ వేళ్ళు కమిలి, వాచిపోయి ఉన్నాయి.
డైరెక్టరు నా చేతిని తిప్పి తిప్పి చూశాడు, సంతలో దూడని చూసినట్టు.
దీపాల కింద కూర్చోబెట్టారు.
ఎదురుగా ఒక పెద్దమనిషి.
ఒక్కో గుండీ విప్పి
మోచేతి దాకా ఉన్న గ్లౌజు
మెల్లగా, ఇంకా మెల్లగా, తియ్యాలి.
పదమూడు సార్లు వాళ్ళు చెప్పినట్టు తీశాను.
పద్నాలుగోసారి నాకోసం తీసుకున్నాను.
సినిమాలో ఉంచింది దాన్నే.

నలభై ఫ్రాంకులిచ్చారు. బొగ్గు కొన్నాను.
ఇంట్లో చెప్పలేదు.
అడిగితే చెప్పేదాన్నే.

వసంతంలో బొమ్మ మా ఊరొచ్చింది.
ఒక జడ్జి గారు, ఒక ఆవిడ, ఆవిడ వదిలేసిన గ్లౌజు.
దాన్ని జేబులో దాచుకుని తిరిగి తిరిగి
ఆయన ఉద్యోగం, పరువు, ఆఖరికి మతి పోగొట్టుకుంటాడు.
తెర నిండా నా చెయ్యి, మా వీధంత పొడుగు.
పక్క సీట్లో ఆన్సెల్మ్ ఊపిరి బిగపట్టాడు.
"ఆరుంపావు" అన్నాడు.
పెళ్ళినాడు చర్చిలో కూడా
ఆయన గొంతు అంత మెత్తగా వినలేదు.

మర్నాడు మళ్ళీ వెళ్ళాడు. ఆ మర్నాడూ.
పదకొండో రోజుకి టికెట్లమ్మే పిల్ల డబ్బులడగడం మానేసింది.
ఇంట్లో సూపు మీద మీగడ కట్టేది.
ఉల్లిపొర లాంటి తోలు తెచ్చి
అర్ధరాత్రి దాకా జ్ఞాపకంతోనే కత్తిరించాడు.
"మణికట్టు దగ్గర చిన్న మచ్చుంది, గమనించావా లియొంతీన్?
గుండీ దాని మీద పడకూడదు."
నూనె చింది ఆ మచ్చకి ఆరేళ్ళు.
ఆయనకే బంగాళాదుంపలు వేయిస్తూ.

నా దస్తూరి బావుంటుందని
పారిస్ అడ్రసు నాచేతే రాయించాడు.
పార్సిలు కట్టేముందు, ఆయన నిద్రపోయాక, వేసుకుని చూశాను.
ఏం చెప్పను.
నా చేతులు నాకే కొత్తగా పరిచయమయ్యాయి.

నెలకి తిరిగొచ్చింది, సెక్రటరీ ఉత్తరంతో సహా:
మేడమ్‌కి బిగుతుగా ఉన్నాయట.
"మనుషులు అబద్ధాలాడతారు, చెయ్యి ఆడదు" అన్నాడు ఆన్సెల్మ్.
కొట్లో గాజు పెట్టె చేయించి అందులో పెట్టాడు.

ప్రతి శనివారం ఆ అద్దం తుడిచేది నేనే,
తడిగుడ్డతో, ఒట్టి చేతుల్తో.
బల్ల వెనక నుంచి, తలెత్తకుండా అంటాడు:
"జాగ్రత్త, నీ వేలిముద్రలు పడతాయి."