తోడు

దెస్సీలో జూన్ చివర మొదలైన వాన
సెప్టెంబరు దాకా గుమ్మం దిగదు.
ఆ చలికి గోడలకే ముక్కు కారుతుంది.
మా అమ్మమ్మ యెషిమెబెత్
ఒంటి మీది శాలువా తీసి
పిండి పీపాకి కప్పేది.
"దానికి చలేస్తే రేపు మనకి ఆకలేస్తుంది."

నాకప్పుడు పన్నెండేళ్ళు. తొమ్మిదో పాఠం, సూక్ష్మజీవులు.
పేజీ నిండా తోకలున్న బొమ్మలు,
కింద వాటి నేరాల చిట్టా:
కలరా, టైఫాయిడ్, విరేచనాలు.
గెతాహున్ మాస్టారు బల్ల మీద చరిచి చెప్పారు,
కంటికి కనపడనిదే కడుపు మీద కొడుతుందని.

నాకు మా పీపా గుర్తొచ్చింది.
మూత తీస్తే గుప్పుమనే పులుపు,
గోడలు పట్టుకున్న పాత టెఫ్ పిండి,
పైన తేలే పసుపు నీళ్ళు,
ఎవరో లోపల ఊపిరి వదులుతున్నట్టు
పైకొచ్చి పగిలే బుడగలు.

ఆమె సంతకెళ్ళిన పూట
బ్లీచింగ్ పొడి చల్లి, మరిగే నీళ్ళు పోసి
చేతులు మండేదాకా తోమాను.
పీపా ఆసుపత్రి వాసన వేసింది.
మెచ్చుకుంటుందని గుమ్మంలోనే నిలబడ్డాను.

కొట్టలేదు.
వేలు పెట్టి రాసి, వాసన చూసి,
తడి నేల మీదే కూలబడింది.
"ఎర్షో పారబోశావా? పిండికి తోడు అదేరా, దెజెనె.
ఇప్పుడిక అది ఒంటరిది."

మూడోనాడు కాల్చిన ఇంజెరాకి కళ్ళు లేవు.
ఆ చిల్లుల్ని మేం కళ్ళనే అంటాం.
మితాద్ మీద గుడ్డిగా, అట్టలా పడి ఉంది.
రోజూ నాలుగు తినే లారీ డ్రైవరు
ఒకటి తుంచి, నాలుగింటి డబ్బులూ పెట్టి లేచాడు.
ఏదో ఒకటి అని ఉంటే బాగుండేది.

గోడ అవతల అస్కాలె ఇల్లు. ఆరేళ్ళుగా మాటల్లేవు.
ఒక నీలగిరి చెట్టు కొట్టేసిన గొడవ.
ఎవరి చెట్టో నాకు ఇప్పటికీ తెలీదు.
చెట్టు ఎప్పుడో పొయ్యిలో బూడిదైంది,
గొడవ మాత్రం పచ్చిగానే ఉంది.

ఆ రాత్రి అమ్మమ్మ ఎనామిల్ గ్లాసు నా చేతిలో పెట్టింది.
మళ్ళీ లాక్కుంది.
తనే వెళ్ళింది, వానలో, వెనక నేను.

అస్కాలె ఏం కావాలని అడగలేదు.
గ్లాసు వైపు చూసి, లోపలికెళ్ళి నింపుకొచ్చింది.
"నాదేం కాదులే," అంది మొహం తిప్పుకొని,
"నా పెళ్ళినాడు మీ అమ్మ పోసిందే."

ఆరేళ్ళు వీళ్ళిద్దరూ ఎడమొహం పెడమొహం.
ఆ చీకటి పీపాలో మా ముత్తవ్వ ఇంటి తోడు
తింటూ, రెండవుతూ, నాలుగవుతూ,
చెట్టు సంగతి ఎవరూ చెప్పక
హాయిగా కాపురం చేసింది.

పరీక్షలో అడిగారు, జీవుల లక్షణాలు రాయమని.
తింటాయి, పెరుగుతాయి, పిల్లల్ని కంటాయి.
నాలుగోది గుర్తురాక
చలేస్తే కప్పాలి అని రాశాను.
అర మార్కు వేశారు.

ఇప్పుడు ఆసుపత్రి లాబ్‌లో నా కొలువు.
గాజు పలక మీద కళ్ళె, నీలం నేల,
అందులో సన్నని ఎర్రపుల్లలు వెతికి లెక్కపెడతాను.
మాస్టారు అబద్ధం చెప్పలేదు.
సగం చెప్పారు.

మొన్న మాఘమాసపు పొద్దున లాంటి ఒక ఎండ పొద్దున,
చీటీ మీద అస్కాలె పేరు.
రెండుసార్లు లెక్కపెట్టాను.
పుల్లలు తగ్గలేదు.

ఆర్నెల్ల మాత్రలు. మొదటి నెలల్లో
చెయ్యి పీపా దాకా కూడా లేవదు.
ఆమె పిండి ఎండి బీటలు వారిందని
ఎవరు చెప్పారో అమ్మమ్మకి.

ఇవాళ సాయంత్రం డ్యూటీ దిగి వస్తుంటే
సందులో కనిపించింది, నడుం వంగి, అదే గ్లాసుతో.
పట్టుకోనా అన్నాను. ఇవ్వలేదు.
ఒలకకుండా అరచెయ్యి మూతపెట్టి
ఒక్కో అడుగే వేస్తోంది
అవతలి గుమ్మం వైపు.