బొటనవేలి వరస

టాడ్‌మోర్డెన్‌లో వాన ఆగిన రోజు కాదది.
మెథడిస్ట్ చాపెల్లో ముప్పయ్యారు మంది,
పదకొండు తడి గొడుగులు,
మూలుగుతూ వేడెక్కుతున్న రేడియేటరు.
పియానో ముందు హిల్డా సట్‌క్లిఫ్.
ఆమెకి ఎడమ పక్కన నేను,
పేజీలు తిప్పడానికి.

ఎనభై మంది వాయించాల్సిన సింఫనీని
ఇద్దరం ఆడవాళ్ళం
ఒక గుడ్డసంచిలో మోసుకొచ్చాం.

నేను మందుల షాపులో ఫార్మసిస్టుని.
ఆమె బొటనవేలి కీలుకి జెల్ ఇచ్చేదాన్ని.
"రోజుకి మూడుసార్లు రాయండి, పియానో తగ్గించండి" అన్నాను.
మొదటిది విన్నది.
రెండోదానికి, "నీకు స్వరాలు చదవడం వచ్చా?" అనడిగింది.
అరకొరగా వచ్చు.
తప్పిపోతే ఆమె గడ్డం చూడాలని ఒప్పందం.
గడ్డం దిగితే పేజీ తిరగాలి.

చిన్నప్పుడు తెనాలిలో అవధానం చూశాను.
ఒక్క మనిషి, చుట్టూ ఎనిమిది మంది.
ఒకరు ఆ అక్షరం వద్దంటారు,
ఒకరు పద్యాన్ని సగంలో ఆపిస్తారు,
వెనకనుంచి ఎవరో గంట కొడుతుంటే
ఆ లెక్కా తలలోనే.
ఇక్కడ పృచ్ఛకులు కనబడరు.
ఫ్లూట్లు కుడి చిటికెనవేలిని నిలదీస్తాయి,
డ్రమ్ములు ఎడమచేతి కింద ఉరుముతాయి,
నడుమ కొమ్ముబూరలు, "మరి మా సంగతో?"
మూడో వరసలో దగ్గుతున్న పెద్దాయన
అప్రస్తుత ప్రసంగం.

ఆర్కెస్ట్రాలో ట్రాంబోన్ మనిషి
మూడు భాగాలు చేతులు కట్టుకు కూర్చోవచ్చు,
ఇంటికి పాలు తీసుకెళ్ళాలని గుర్తుచేసుకోవచ్చు.
పది వేళ్ళకి ఆ సెలవు లేదు.
పైగా వయొలిన్ స్వరం కమాను కింద పెరుగుతుంది.
పియానో స్వరం
పుట్టిన క్షణం నుంచే తరుగుతుంది.
హిల్డా దాన్ని మళ్ళీ మళ్ళీ కొట్టి బతికిస్తుంది,
చలికి కొంకర్లు పోయిన అరచేతుల్ని రుద్దినట్టు.

రెండో భాగం. నెమ్మది.
అచ్చులో లేని స్వరాలు కనబడ్డాయి నాకు
రెండు చేతుల మధ్య సందులో, పెన్సిల్‌తో.
ముప్పయ్యొక్క ఏళ్ళు లీడ్స్‌లో వయోలా వాయించిందామె,
నాలుగో బల్ల, లోపలి కుర్చీ.
సింఫనీని పియానోకి కుదించిన మహానుభావుడు
అన్నీ పట్టవని తెలిసి
ముందు తీసేసింది వయోలాలనే,
ఇల్లు మారేటప్పుడు
లారీలో చోటు లేక వదిలేసిన ముక్కాలిపీటలా.

ఇప్పుడు ఆ వరసని
ఎడమ బొటనవేలు వాయిస్తోంది.
నేను జెల్ ఇచ్చిన వేలు.
గట్టిగా కాదు.
కథ చెబుతున్నవాళ్ళకి అడ్డు రాకుండా
ఊ కొడుతున్నంత.
ఆ ఊ లేకపోతే కథ నిలిచిపోతుందని
ఇన్నాళ్ళూ ఆ లోపలి కుర్చీకే తెలుసు.

వింటూ ఉండిపోయాను.
గడ్డం దిగింది. చూడలేదు.
మళ్ళీ దిగింది.
చివరికి ఎడమచెయ్యి పైకి లేచి
పేజీ తనే తిప్పుకుని కిందికొచ్చింది.
అరక్షణం పాటు
సింఫనీకి అడుగు లేదు.

తర్వాత టీ దగ్గర క్షమించమన్నాను.
"చెల్లోలు సిగరెట్ కాల్చుకుని వచ్చాయిలే" అంది,
బిస్కెట్టు రెండుగా విరిచి.
"బల్ల మీద పేజీలు తిప్పేది లోపలి కుర్చీయే.
నేనూ మరిచిపోయానొకసారి, ఇక్కడే, ఈ భాగంలోనే."
హ్యాండ్‌బ్యాగ్ లోంచి రబ్బరు తీసి నా చేతిలో పెట్టింది.
"పుస్తకం హాలిఫాక్స్ లైబ్రరీది.
మంగళవారం ఇచ్చెయ్యాలి. శుభ్రంగా చెరుపు."

సోమవారం రాత్రి షాపు మూశాక
కౌంటరు దీపం కింద కూర్చుని చెరిపాను.
రబ్బరు పొట్టుని మాత్రల పళ్ళెంలోకి ఊదాను.
పెన్సిల్ పోయింది.
ఒత్తి రాసినచోట కాగితం మీది గుంటలు పోలేదు.
వేలితో తడిమితే
ఎక్కడ ఎక్కాలో ఎక్కడ దిగాలో
తెలుస్తూనే ఉంది.

లైబ్రరీ కుర్రాడు పేజీలు జరజరా తిప్పి
"పాడైనవేమీ లేవుగా?" అన్నాడు.
లేవన్నాను.