నోట్ల టార్చి

భవానీపురం చేపల బజార్లో
ఐసు కరిగి చెప్పుల కిందికి వస్తోంది.
పొద్దున ఆరున్నర. మే నెల.
నా సంచిలో నలభై కాగితపు ముక్కలు,
నాలుగు నెలలు ల్యాబ్‌లో కాచిన రంగు
ఒక్కోదాని మీద ఒక్కో చుక్క.

నాంచారమ్మ నవ్వింది:
"చేప చెడిందని చెప్పటానికి చదువెందుకమ్మాయ్,
ఈగకి తెలుసు, పిల్లికి తెలుసు."
తనకి తెలుసని మాత్రం అనలేదు.

బేరాలు సద్దుమణిగాక చెప్పింది:
ఆ జ్వరాల ఏడు నుంచీ
ముక్కు పనిచేయట్లేదట.
మొప్పలెత్తి ఎరుపు చూసి,
వేలితో నొక్కి గుంట పూడుతుందో లేదో చూసి
అమ్ముకొస్తోంది.
చేపని ముక్కు దగ్గర పెట్టుకోవటం మాత్రం మానలేదు,
కొనేవాళ్ల కోసం.

అతినీలలోహిత దీపం ల్యాబ్‌లోనే మరిచాను.
ఆమె గల్లాపెట్టెలోంచి
దొంగ ఐదువందలు పట్టే ఊదారంగు టార్చి తీసింది.
గోనెపట్టా కప్పుకుని
ఇద్దరం తలలు లోపల పెట్టాం.

కైకలూరు శీలావతి మీద లేత పచ్చ.
బొచ్చె మీదా పచ్చే.
పెట్టె అడుగున నిన్నటి పండుగప్ప,
కంటికి మచ్చ లేదు.
కాసేపాగి, పచ్చ పసుపై
పసుపు నిప్పుకణిక రంగులోకి జారింది.
గాల్లోకి లేచే అమీన్లు, అన్నాను.
"పేరేదైతేనేం, ఆరు కిలోలు పోయినయ్."
పక్కకి నెట్టేసింది.

బజారంతా తిరిగొచ్చాక
మిగిలిన ఒక్క ముక్కా అడిగి తీసుకుంది.
అరచేతిలో పెట్టి పిడికిలి మూసింది.
తెరిచేసరికి, నిప్పు.

సిటీ బస్సులో పక్కసీటు
ఎందుకు ఖాళీగా ఉంటుందో
ఆమె అడగలేదు, నేను చెప్పలేదు.
టార్చి వెలుగుతూనే ఉంది.

పక్క కొట్టు నుంచి
నిమ్మకాయంత చింతపండు తెప్పించింది.
పులిమి, గోళ్ల సందులు తోమి,
చెంబెడు నీళ్లు పోసుకుని, ఆరబెట్టి
అదే ముక్క మళ్లీ పట్టుకుంది.
ఒక మూల నుంచి, తీరిగ్గా,
పచ్చ తిరిగొచ్చింది. అంచున కొంచెం రాలేదు.

"పులుసులో పడ్డాక నీచు ఎటుపోద్దో
మీ పుస్తకాల్లో ఉందా?"
ఉంది. ఆమ్లమని వేరే పేరుతో.

సాయంత్రం రికార్డులో
ముప్పై తొమ్మిది నమూనాలు రాశాను:
చేప పేరు, ఏ చెరువుది, ఎన్ని నిమిషాలకి.
నలభయ్యో గడి దగ్గర కలం ఆగింది.
ముక్క నా దగ్గర లేదు.
టార్చితో పాటు
ఆమె దాన్ని గల్లాపెట్టెలో వేసుకుంది.