గుడ్డురాయి

బీచ్ అడవికి వెళ్తున్నానంటే
ఫోన్లో మా చెల్లెలు కోమలి
తడి ఇసుక ఫోటో పంపమంది.
ఇసుకెక్కడిదే, చెట్టు పేరది, అన్నాను.
క్రానమ్ ఊరి పైన, కొండవాలులో
బూడిదరంగు మొద్దులు, ఏనుగు కాళ్ళు కడిగి నిలబెట్టినట్టు.
పైన ఆకు మీద ఆకు.
మే నెల మధ్యాహ్నం కూడా కింద వెలుతురు
కొత్తిమీర వేసిన పల్చటి మజ్జిగ.

శనివారాలు మేం నత్తల్ని లెక్కపెడతాం.
మేం అంటే నేనూ, విన్నిఫ్రెడ్ టఫ్లీ.
ఆమెకు డెబ్బై ఎనిమిది, నాకు మోకాలి నొప్పి.
నేల మీద చదరంగా తాడు పరిచి
రాలిన ఆకుల్ని జల్లెడ పడతాం.
మెంతిగింజంతవి, ధనియమంతవి,
లోపలికి ముడుచుకుని
తలుపు వేసుకునే రకం ఒకటి.
దాన్ని చూపుడువేలి మీద పెట్టుకుని
"ఇదంతా రాయే" అంటుందామె,
"నడిచే రాయి."

మాది పిడుగురాళ్ళ.
బట్టీల పొగలో బడికెళ్ళినదాన్ని.
రాయిని కాల్చి నీళ్ళు చల్లితే
బుసబుసా పొంగి సున్నమవుతుందని తెలుసు.
తమలపాకు వెనక వేలికొసతో రాసిన పిసరు
నోరు పండిస్తుందనీ, ఎక్కువైతే పొక్కుతుందనీ తెలుసు.
నిప్పు లేకుండా, వాన ఒక్కతే
రాయిని నాకి నాకి కరిగించి
వేరుకీ, ఆకుకీ, రాలిన ఆకు నుంచి నత్తకీ
ఇంత నిదానంగా వడ్డిస్తుందని
ఇక్కడికొచ్చేదాకా తెలీదు.

ఛాతీ నిండా చుక్కలున్న పిట్ట
నత్తను రాతి మీద బాదుతుంది,
సున్నంలోకి ఎముక మిగలకుండా అంటామే, అలా.
మిగిలిన చిప్ప పెంకుల్ని
ఇంకో పిట్ట ఏరుకు తిని గుడ్డు పెడుతుంది.
సున్నం అందని అడవుల్లో
గుడ్డు పెంకు కాగితంలా పలచబడి
తల్లి బరువుకే చిట్లుతుందట.

ఇది చెప్పి విన్నిఫ్రెడ్ ఊరుకుంది.
ఆమె తుంటి ఎముక స్కాన్ తీసింది నేనే,
గ్లాస్టర్ ఆసుపత్రిలో, ఫిబ్రవరిలో.
తెరమీద చిరుగుల దోమతెర.
ఆ సంగతి ఇద్దరం ఎత్తం.
వాలు దిగేటప్పుడు మాత్రం
ఆమె చెయ్యి నా మోచేతి మీద ఉంటుంది.

పాత మొద్దు పక్కన ఒక పువ్వు,
ఒంట్లో పచ్చదనం చుక్క లేదు, తేనెరంగు కాడ.
దానికి ఎండతో పని లేదు.
మట్టిలో బూజు మధ్యవర్తి,
బీచ్ వేరు షావుకారు,
ఇది తీర్చని అప్పు మీద నిక్షేపంగా పూస్తుంది.
నాకది నచ్చింది, ఎందుకో చెప్పలేను.

మొన్నటి ఎండాకాలం మాత్రం అందరికీ తగిలింది.
కింద రాయంతా జల్లెడే, నీరు నిలవదు,
వేళ్ళు లోతుకి పోవు.
ఆగస్టులోనే ఆకు రాలింది,
కొమ్మలు చప్పుడు లేకుండా ఊడిపడ్డాయి.
ఖాళీల్లో ఫర్ మొక్కలు పెడుతున్నాడు
కాలమ్ అనే అడవి కుర్రాడు.
దక్షిణాది కొండల్లో, ఇలాంటి రాయి మీదే,
బీచ్‌కీ ఫర్‌కీ ఏనాటి నుంచో పొత్తట.
నీడలో నలభై ఏళ్ళు నోరు మూసుకుని ఉండి
సందు దొరికాక లేస్తుందట ఫర్.
"పరాయి చెట్లు" అంది విన్నిఫ్రెడ్,
అని, నా వైపు చూసి, చెవుల దాకా ఎర్రబడింది.
నేను నత్తల అంకె రాసుకున్నాను: పద్నాలుగు.
కాసేపటికి ఆమే వంగి
ఒక మొక్క మొదట్లో మట్టి అదిమింది.
లేవడానికి నా చెయ్యి అడిగింది.

దారిలో పగిలిన రాయి ఒకటి తీసిచ్చింది.
లోపలంతా గుండ్రటి గింజలు,
చేప కడుపులో గుడ్ల బస్తాలా.
వెచ్చటి లోతులేని సముద్రం, అంది,
అలలు దొర్లించి దొర్లించి చేసిన గింజలు.
ఇంతసేపూ మనం నిలబడ్డది దాని అడుగునే.

ఫోటో తీసి కోమలికి పంపాను:
ఇదిగో నీ బీచ్.
రెండు నిమిషాలకి జవాబు:
సగ్గుబియ్యమా?