ఆశీలు పుస్తకం

అంతర్వేది తీర్థం. మూడోనాడు.
కార్బను కాగితం తిప్పీ తిప్పీ
నా చూపుడువేలు పూర్తిగా నీలమైపోయింది.

పాటదారు చెప్పినట్టే రాస్తాను:
గజానికి పది, గొడుక్కి ఇరవై,
రంగులరాట్నానిది వేరే లెక్క.
రసీదులో పేరు గడి చాలా చిన్నది,
మనిషి పట్టడు, సరుకు పడుతుంది.
గాజులు. బూరలు. తాటాకు విసనకర్రలు.

జీళ్ల నూకాలమ్మ
మేకుకి పాకం తగిలించి రెండు చేతులా లాగుతోంది.
నల్లగా మొదలైన బెల్లం
లాగినకొద్దీ బంగారమై, తెల్లబడి
పట్టుకుచ్చులా మెరుస్తోంది.
"ఇరవయ్యే కదండీ, ఇస్తాను.
పొద్దుట్నించీ ఈ జబ్బలు ఎన్ని గజాలు లాగాయో
అదీ కొలుచుకోండి మరి!"
కొలవలేదు.
నోట్లో ఒక జీడి పెట్టింది.
అది పళ్లకి అంటుకుపోయి
కాసేపు నేను ఎవర్నీ కసరలేకపోయాను.

రేవు దాటి వచ్చిన మేరీరత్నం
కళ్లెత్తకుండానే డబ్బిచ్చింది.
లేసు పువ్వులో పదకొండో రేకు మీద ఉంది,
మాట్లాడితే లెక్క తప్పుతుందట.
నేను రోజంతా మాట్లాడుతూనే లెక్క రాస్తాను,
ఒక్క పువ్వూ తేలలేదు.

ఇక కోటిలింగం.
కుడివైపు మీసం, విభూతి, పులిచారల గుడ్డ.
ఎడమవైపు కాటుక, బులాకీ, జరీ చీర.
నడుమ ఎర్రటి తెర.
"వేషానికి పదిహేను" అన్నాను.
తెర ఇటు జరిగింది.
గరళం మింగిన గొంతుతో అయ్యవారు:
"మాది కొండ. మీ ఇసక మేమేం వాడుకోలేదు."
తెర అటు జరిగింది.
అమ్మవారు ముసిముసిగా:
"నేను సగమేగా, ఏడున్నర రాసుకోండి."
జనం గొల్లుమన్నారు.
ఏడున్నరకి చిల్లర ఎక్కడిది నా దగ్గర!
"బాకీ" అని రాశాను, శివుడి పేరు మీదో
పార్వతి పేరు మీదో ఇప్పటికీ తెలీదు.

మృత్యుకూపం వెనకాల
తొమ్మిది ఆటలు ముగించిన పిల్ల
బండి మీద కూర్చుని ఉప్మా తింటోంది.
గోడ మీద గాల్లోకి వదిలేసే చేతులు
నేల మీద చెంచా పట్టుకుని వణుకుతున్నాయి.
"పేరు?" అన్నాను, గడికి అక్కర్లేకపోయినా.
"బోర్డు మీదిదా, మా అమ్మ పెట్టిందా?"
నేను తేల్చుకునేలోగా
మైకు పిలిచింది, బోర్డు మీది పేరుతో.
ఉప్మా నా చేతిలో పెట్టి వెళ్లింది.
ఆట అయ్యేదాకా దాన్ని పట్టుకునే నిలబడ్డాను.
ఆ అరగంట నాకెవరూ ఆశీలు కట్టలేదు.

ఆఖరి పంటు. సముద్రం మీంచి మాఘమాసపు చలి.
నూకాలమ్మ ఇచ్చిన పొట్లం విప్పితే
లోపల నా దస్తూరీ: "జీళ్లు, ఇరవై"
పాకానికి అంటుకుని చిరిగి వచ్చింది.

తాళ్ల చుట్ట మీద కోటిలింగం నిద్రపోతున్నాడు.
నీళ్లు చాలలేదేమో, మీసం వైపే కడుక్కున్నాడు.
ఎడమ కంటికి కాటుక అలాగే ఉంది,
బులాకీ ఊపిరికి ఊగుతోంది.
ఏడున్నర బాకీ.
పుస్తకం తెరిచాను,
ఏ భుజం తట్టి లేపాలో తెలియక
మళ్లీ మూశాను.